రెండో హార్న్ పార్టు

నలభై ఏళ్ల ఉద్యోగంలో నా చేతిమీదుగా స్టేజీ ఎక్కిన కాగితం ఒక్కటి కూడా తప్పు పలకలేదు. ఇది నా సొంత డబ్బా కాదు. రిటైరైన రోజున మా ఆర్కెస్ట్రా వాళ్లు గాజు పలక మీద చెక్కించి మరీ ఇచ్చారు, వచ్చి చూసుకోవచ్చు. అంతేకాదు, ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు వేల మంది చూస్తుండగా కూలిపోబోయిన కన్చెర్టోని, అంటే ఒకడు ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనని, స్టేజీ పక్కన తెరచాటున నిలబడి ఒంటిచేత్తో నిలబెట్టినవాణ్ని నేను. హార్న్ అనే ఇత్తడి బూర వాయించే ఒకావిడ రాకూడని చోట భోరుమని ఊదేసింది. డెబ్బై మంది వాయిద్యగాళ్లు బిక్కచచ్చిపోయారు. నేను చెయ్యెత్తాను. అందరికీ చేతులతో తాళం చూపించే కండక్టర్ నన్ను చూసి తమాయించుకున్నాడు. కచేరీ దక్కింది.

మేముండే ఈ షామ్‌బర్గ్ ఊళ్లో నాతో కలిసి భోంచేసి, ఈ కథ వినకుండా చెయ్యి కడుక్కున్న తెలుగువాడు లేడు.

మొన్న మా వీధి చివర ఉండే నిహారిక వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల, వయొలిన్‌కి అక్కలాంటి వయోలా వాయిస్తుంది. మ్యూజిక్ డిగ్రీ అయిపోయింది, ఏదో ఆర్కెస్ట్రా లైబ్రరీలో అసిస్టెంట్‌గా జాబ్ దొరికిందట.

"అంకుల్, మీరు సేమ్ జాబ్ ఫార్టీ ఇయర్స్ చేసారు కదా. నాకు ఏం తెలియాలో రాసి ఇస్తారా? తెలుగులో రాసినా ఓకే. అమ్మ చదివి చెప్తది."

"తెలుగులోనే రాస్తానమ్మా. ఇంగ్లీషులో రాస్తే మా ఆర్కెస్ట్రా వాళ్లు చదువుతారు" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు.

ప్రమోషన్లూ జీతాలూ యూనియన్ మీటింగులూ ఇందులో రాయను, అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే రోత. స్వరకర్తల పేర్లు కూడా రాయను. నలభై ఏళ్లలో ఒక్క ప్రోగ్రాం పుస్తకంలోనూ నా పేరు పడలేదు. నా కాగితంలో వాళ్ల పేర్లు పడకపోతే వాళ్లకొచ్చే లోటు లేదు.

పుస్తకం లేని లైబ్రరీ

నేను ఈ దేశం వచ్చింది లైబ్రరీ సైన్స్ చదవడానికి. చదువైపోయింది, ఉద్యోగం లేదు, వీసా గడువు మెడ మీద కూర్చుంది. ఆర్కెస్ట్రాకి లైబ్రేరియన్ కావాలని పేపర్లో చూసి, సంగీతం మీద పుస్తకాలు ఉంటాయి కాబోలనుకుని టై కట్టుకుని వెళ్లాను. హాలు కింద బేస్‌మెంట్‌లో కిటికీ లేని గది. గోడల నిండా ఇనప అరలు, అరల నిండా అట్టపెట్టెలు. ఒక్క పుస్తకం లేదు.

ఆ గదిలో వాల్టర్ అనే పెద్దాయన ఉన్నాడు. అక్కడి లైబ్రేరియన్. ఒక పెట్టె దించి మూత తీశాడు. "ఇది ఒక కన్చెర్టో" అన్నాడు. లోపల యాభై అరవై కాగితాల కట్టలు. ఒక్కో వాయిద్యానికి ఒక్కో కట్ట, దాన్నే పార్టు అంటారు. మన నాటకాల వాళ్లు పోర్షన్ అంటారే, అదే. పాత్రధారికి తన మాటలే తెలుస్తాయి, పక్కవాడివి తెలియవు. అలాగే హార్న్ పార్టులో హార్న్ స్వరాలే ఉంటాయి. మిగతావాళ్లు వాయిస్తున్నంతసేపూ ఆ కాగితం మీద ఉండేవి, ఎంతసేపు నోరు మూసుకోవాలో చెప్పే అంకెలు. మళ్లీ ఎప్పుడు అందుకోవాలో తెలియడానికి, ముందు ఎవరేం వాయిస్తారో చిన్నగా ఆనవాలు రాసి ఉంటుంది.

ఆ ఆనవాళ్లు సరిచూడటం, వయొలిన్లకి కమాను పైకా కిందికా అని గుర్తులు పెట్టడం, కండక్టర్ వద్దన్న ముక్కని కొట్టెయ్యడం, చినిగింది అతికించడం, కచేరీకి ముందు ప్రతి స్టాండు మీదా పెట్టడం, అయ్యాక ఏరుకోవడం. ఇదీ ఉద్యోగం. అన్నీ సవ్యంగా ఉంటే నువ్వొకదానివి ఉన్నావని ఎవరికీ తెలియదు. తప్పు జరిగిందా, హాలంతా నీ పేరే.

స్వరాలు చదవడం వచ్చా అని వాల్టర్ అడిగితే వచ్చన్నాను. రాదు. మూడు నెలలు ఆయనకి తెలియకుండా నేర్చుకున్నాను. ఆయనకి మొదటి రోజే తెలిసిందని చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. "అబద్ధం ఆడినా కాగితం తిరగేసి పట్టుకోలేదు, అందుకని పెట్టుకున్నా" అన్నాడు.

ఒక్క విద్య మాత్రం నాకు ఇంటి నుంచే వచ్చింది. మా నాన్నగారు తెనాలిలో పద్యనాటకాలకి హార్మోనిస్టు. పాత్రధారి పద్యం చివర రాగం ఎత్తుకున్నాడంటే ఎప్పుడు దిగుతాడో వాడికే తెలియదు. జనం ఒన్స్‌మోర్ అని అరిచిన కొద్దీ ఇంకో మెట్టు ఎక్కుతాడు. హార్మోనియం వెంట ఉండాలి, ముందుకి పోకూడదు, వెనకబడకూడదు. "గొంతు చూడకురా, కాలి బొటనవేలు చూడు. దిగబోయే ముందు నేలని నొక్కుతాడు" అనేవారు నాన్నగారు. ఇంకో మాట కూడా అనేవారు. "పాడేవాడికి ఒకటే పని. వెనకవాడికి రెండు. వాయించాలి, వినాలి. రెండోది మానేస్తే మొదటిది చప్పుడు."

ఆయన పోయాక ఆ హార్మోనియం ఓడ మీద తెప్పించుకున్నాను. కాళ్లతో తొక్కే రకం, మోత ఎక్కువ. ఉద్యోగం చేసినన్నాళ్లూ శనివారం సాయంత్రం ఆరింటికి దాని ముందు కూర్చునేవాణ్ని. ఆ గంటసేపు ఇల్లు తగలబడుతున్నా పిలవొద్దని మా ఆవిడకి ఆర్డరు. ఫోన్ మాత్రం చేతికందేంత దూరంలో ఉండేది.

ఒకడు లేచి నిలబడ్డ చరిత్ర

నిహారికా, డిగ్రీలో నీకు చెప్పిన కన్చెర్టో చరిత్ర వేరు, పెట్టెలు మోసి నేను నేర్చుకున్న చరిత్ర వేరు.

అన్నిటికంటే పాతవి తేలికపాటి పెట్టెలు. మూడు వందల ఏళ్ల కిందటి ఇటలీ సరుకు. అప్పుడు కన్చెర్టో అంటే ఒకడి గొప్ప కాదు. గుంపులోంచి ముగ్గురు నలుగురు కాసేపు విడిగా వాయిస్తారు, మళ్లీ గుంపులో కలిసిపోతారు. భజనలో ఇద్దరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నట్టు. ఆ పార్టుల మీద రెండే మాటలు కనిపిస్తాయి. సోలో అంటే నీ వంతు, టుట్టి అంటే అందరూ. విశేషం ఏమిటంటే, విడిగా వాయించేవాడి పార్టులో కూడా టుట్టి అని ఉంటుంది. తన వంతు అయ్యాక వాడూ అందరితో పాటు నడుం వంచాల్సిందే.

తర్వాత ఆ ముగ్గురు నలుగురు ఒక్కడయ్యారు, ఎక్కువగా వయొలిన్ వాడు. గుంపు పల్లవి వాయిస్తుంది, వాడు చరణం వాయిస్తాడు, మళ్లీ పల్లవి వస్తుంది. ఇంతవరకూ న్యాయమే.

ఆ కాలంలోనే ఒక వింత జరిగింది. అందరి వెనక మూల కూర్చుని శ్రుతి నింపుతుండే వాయిద్యం ఒకటుండేది, హార్ప్సికార్డ్ అని, పియానోకి తాతమ్మ. ఎవరో ఒకాయన దాన్ని ముందుకి లాగి నువ్వూ ఒక చరణం వాయించు అన్నాడు. ఆ వాయిద్యం ఇక మళ్లీ వెనక్కి వెళ్లలేదు. పియానో కన్చెర్టోలన్నీ ఆ సంతానమే. ఆ పార్టు మొదటిసారి చేతిలో పట్టుకున్న రోజు నాకు అన్నం సయించలేదు. మా నాన్నగారి పెట్టెని ముందుకి లాగినవాడు తెనాలిలో లేకపోయాడు.

ఆ తర్వాత పెట్టెలు బరువెక్కుతాయి. ఆర్కెస్ట్రా ముందు కథంతా తనే చెబుతుంది. పియానో ఆయన ఒళ్లో చేతులు పెట్టుకుని వింటాడు. భటులు బహుపరాక్ చెప్పాక రాజు వచ్చినట్టు అప్పుడు అందుకుంటాడు. చివర్లో అందరూ ఒక చోట ఆగిపోతారు. పార్టులో ఆ చోట గొడుగులాంటి గుర్తు ఒకటి ఉంటుంది, కింద ఏమీ ఉండదు. దాన్ని కాడెన్జా అంటారు. ఆ ఖాళీలో ఆయన ఒక్కడే అప్పటికప్పుడు కల్పించి వాయించాలి. ముగించబోతున్నానని చెప్పడానికి పక్కపక్క స్వరాలు రెండింటిని గబగబా ఊగిస్తాడు, అది ట్రిల్. మృదంగం తీర్మానంలోకి దిగితే వయొలిన్ ఆయన కమాను ఎత్తుకుంటాడు చూడు, అలాగే ట్రిల్ వినగానే డెబ్బై మంది వాయిద్యాలు ఎత్తుకుంటారు. నాన్నగారు చెప్పిన కాలి బొటనవేలు ఇదే.

కొన్నాళ్లకి, చెవులు వినబడటం మానేస్తున్న ఒక మొండాయన ఆ ఖాళీని కూడా తనే రాసేసి, సొంత కల్పన ఏమీ చెయ్యొద్దని పార్టు మీదే హెచ్చరిక పెట్టాడు. మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. మనోధర్మం పోయి పోర్షనయ్యింది. ఇక ఆ పై వందేళ్లలో రాజుగారికి భటులు చెప్పేదాకా ఆగే ఓపిక పోయింది. మొదటి గీత నుంచే ఆయనే. రెండో హార్న్ పార్టులో ఒక పేజీకి పేజీ అంకెలే. పుస్తకాల్లో దీన్ని కన్చెర్టో అభివృద్ధి అంటారు. నా దృష్టిలో డెబ్బై మంది నోళ్లు ఒక్కొక్కటిగా మూతపడ్డ చరిత్ర. పోయిన శతాబ్దంలో కొందరికి సిగ్గేసి, సోలోయిస్టు లేకుండా ఆర్కెస్ట్రా మొత్తానికే కన్చెర్టో అని రాశారు. అందులో ప్రతి మూలకీ ఒక వంతు వస్తుంది. ఆ పెట్టె అన్నిటికంటే బరువు. అది మోసిన రోజుల్లో నాకు నడుం నొప్పి రాలేదు.

వాల్టర్ రబ్బరు

వాల్టర్ నాకు నేర్పినవి నాలుగు ముక్కలు. మెత్తటి పెన్సిలే వాడు. చెమటలు పడుతున్నవాడు, మసక వెలుతురులో, మూడడుగుల దూరం నుంచి చదివేలా రాయి. రిహార్సల్‌కి రానివాడి పార్టు నీ పార్టే అనుకో. ఎందుకంటే వచ్చినవాళ్లు మార్పులు విని ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకుంటారు. ఖాళీ కుర్చీ రాసుకోలేదు, దాని తరఫున నువ్వు రాయాలి.

నాలుగోది రబ్బరు గురించి. కచేరీ అయ్యాక మర్నాటిదాకా పార్టుల మీద పెన్సిలూ పెట్టకు, రబ్బరూ పెట్టకు. ఎక్కడైనా తప్పు జరిగితే ఎవరి తప్పో కాగితమే చెప్పాలి. "పార్టు మన తరఫున సాక్షి కాదు రావ్. వాయించేవాడి తరఫున సాక్షి" అనేవాడు. తన రబ్బరుని కచేరీ రోజున సొరుగులో పెట్టి తాళం వేసేవాడు. చాదస్తం అనుకునేవాణ్ని.

ఒకసారి పార్టులు ఒక ముద్రణవీ, కండక్టర్ పుస్తకం ఇంకో ముద్రణదీ పెట్టాను. ఆయన కె అక్షరం గుర్తున్న చోటు నుంచి వాయించండి అంటాడు. వాళ్ల కాగితాల మీద అక్షరాలే లేవు, అంకెలున్నాయి. రిహార్సల్‌లో పావుగంట పాడైంది. నేను ముద్రాపకుల మీద తోశాను. వాల్టర్ లేచి "తప్పు లైబ్రరీది" అని అందరి ముందూ ఒప్పుకుని కూర్చున్నాడు. నేను చేసిన తప్పుకి ఆయన తల వంచాడు. ఆ రోజు నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు, మండింది. కింద గదిలో వాడు అందరి ముందూ తల వంచడమేమిటని. ఆ మంట నాలో చాలా ఏళ్లు ఉండిపోయింది. తర్వాత జరిగినదానికి అదొక కారణం.

ఆ ఆదివారం

వాల్టర్ పోయాక లైబ్రరీ నాదైంది. ఆ ఏడాది పియానో కన్చెర్టో వాయించడానికి పేరున్న సోలోయిస్టు ఒకాయన వచ్చాడు. కాడెన్జా ఉన్న పాతకాలపు కన్చెర్టో. మనోధర్మాన్ని నేనే బతికిస్తున్నా అంటూ సొంత కాడెన్జా వాయించేవాడు. శుక్రవారం దాని కాగితం నాకిచ్చాడు. చివర ఒకే ట్రిల్. ప్రతి పార్టులోనూ "ట్రిల్ తర్వాత అందుకోండి" అని రాశాను.

శనివారం పొద్దున రిహార్సల్‌లో వాయిస్తే రెండు ట్రిల్లులున్నాయి. మొదటిది వినిపించగానే అందరూ వాయిద్యాలెత్తారు. ఆయన కొంటెగా నవ్వి, ఇంకెక్కడికో వెళ్లిపోయి, ఒక నిమిషం తిరిగొచ్చి రెండో ట్రిల్ వేశాడు. మా కండక్టర్‌కి ఇది తెగ నచ్చింది. "రేపు మొదటి ట్రిల్‌కి నేను కూడా చేతులు ఎత్తుతాను. ఎత్తి ఊరుకుంటాను. జనం నవ్వుతారు. మీరెవరూ కదలొద్దు" అన్నాడు. అందరూ నవ్వుతూ తమ పార్టుల మీద రాసుకున్నారు. పియానో చుట్టూ పెన్సిళ్ల చప్పుడు.

ఒక్క కుర్చీ ఖాళీ. రెండో హార్న్ వాయించే డోరిస్ ఆ పొద్దున సెలవు పెట్టింది, భర్తకి ఆపరేషన్. చేరి రెండో ఏడు. రెండేళ్లూ ప్రొబేషన్, ఆ నెలాఖరుకి ఆమెని ఉంచాలో పంపాలో కండక్టర్ తేల్చాలి. పక్క కుర్చీలో మొదటి హార్న్ ఆయన ఆమెకి చెప్పొచ్చు కదా అంటావు. డోరిస్ కుర్చీ మీద ఆయన శిష్యుడికి కన్నుంది. ఆయన చెప్పడు.

ఆదివారం మధ్యాహ్నం డోరిస్ హాస్పిటల్ నుంచి నేరుగా కారు డ్రైవ్ చేసుకుని వచ్చి, కోటు విప్పుతూ కుర్చీలో కూర్చుంది. కాడెన్జా వచ్చింది. మొదటి ట్రిల్. కండక్టర్ చేతులు లేచాయి. డోరిస్ పార్టు మీద నా చేతిరాతతో "ట్రిల్ తర్వాత అందుకోండి" అని ఉంది. అందుకుంది. నిశ్శబ్దంలో ఒక్క హార్న్, బలంగా, శ్రుతిశుద్ధంగా. చెప్పుకోవాలి, చాలా అందమైన స్వరం. జనం అనుకున్నట్టే నవ్వారు, కానీ ఆమెని చూసి.

చెయ్యెత్తిన మాట

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు పక్కన పడేశాను. వాల్టర్ రబ్బరు గురించి నిహారికకి చెప్పాక, ఆ పైది చెప్పకుండా ఊరుకుంటే ఆ పిల్లకి నేను నేర్పేది ఏమీ లేదు.

రెండు వేల మంది కాదు. ఎనిమిది వందల మంది పట్టే హాలు, అందులో వెనక వరసలు ఖాళీ. నేను తెరచాటున నిలబడి చెయ్యెత్తిన మాట నిజం. నెత్తి కొట్టుకోవడానికి ఎత్తాను. కండక్టర్ నన్ను చూడలేదు. ఆయనకి నేను ఎప్పుడూ కనబడలేదు. కన్చెర్టో కూలబోలేదు. సోలోయిస్టు ఒక క్షణం ఆగి ముందుకి వెళ్లిపోయాడు.

రిహార్సల్ అయ్యాక అందరూ పార్టులు దిద్దుకున్నారు కదా అని నేను పెట్టె మూసేసి ఇంటికెళ్లాను. ఖాళీ కుర్చీ గుర్తు రాలేదు. కండక్టర్‌కీ గుర్తు రాలేదు. కానీ ఆయన మర్చిపోవచ్చు, అది ఆయన హోదా. నేను మర్చిపోకూడదు, అది నా పని. ఆమె కూడా, హాస్పిటల్లో ఉంది నిజమే కానీ, ఒక్క ఫోన్ చేసి పొద్దున ఏమన్నా మారిందా అని అడిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాణ్ని.

కచేరీ అయ్యాక స్టేజీ మీద పార్టులు ఏరుతున్నాను. సోలోయిస్టు గదిలోంచి అరుపులు వినిపిస్తున్నాయి. మేనేజర్ వచ్చి "రేపు పొద్దున రెండో హార్న్ పార్టు కండక్టర్ గారి టేబుల్ మీద ఉండాలి" అన్నాడు. ఆయన వెళ్లాడు. జేబులో పెన్సిల్ ఉంది. నా రాత పక్కనే నా రాతతోనే ఇంకొక ముక్క చేర్చాను: "రెండో ట్రిల్! మొదటిదానికి కదలొద్దు!" రెండు ఆశ్చర్యార్థకాలు కూడా పెట్టాను. అబద్ధం చెప్పేటప్పుడు నాకు గొంతు పెరుగుతుంది.

సోమవారం కండక్టర్ గదిలో ఆ కాగితం టేబుల్ మీద ఉంది. ఆయన వేలితో చూపించి "ఇంత పెద్ద అక్షరాలు కూడా కనబడలేదా?" అని అడిగాడు. డోరిస్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గోడ మీద గడియారాన్ని చూశాను. "కనబడలేదు" అంది. నిజమే చెప్పింది. నెలాఖరుకి ఆమెని పంపేశారు. మొదటి హార్న్ శిష్యుడు ఆ కుర్చీలో కూర్చున్నాడు.

గాజు పలక మీద చెక్కింది కూడా అబద్ధం కాదు. నా కాగితం ఒక్కటీ తప్పు పలకలేదు. తప్పు పలికిన ఒక్కదాన్నీ నేనే దిద్దాను కదా. ఆ తర్వాత కొన్నేళ్లకి, భోజనాల దగ్గర ఎవరో మీ ఉద్యోగం ఏమిటండీ అని అడిగితే ఈ కథ మొదలెట్టాను. చెప్పిన ప్రతిసారీ నా చెయ్యి ఇంకొంచెం పైకి లేచింది, ఆ హార్న్ ఆవిడ ఇంకొంచెం తెలివితక్కువదైంది. ఆమె జీవితం కూల్చినవాణ్ని నేను. రాశాను, అయిపోయింది. నిహారికా, నీ సొరుగుకి తాళం వేసుకో.

డోరిస్ వంటింట్లో

ఇది చదివి మా అమ్మాయి మాధవి కాగితాలు చేతిలోనే పట్టుకుంది, తిరిగివ్వలేదు.

"నాన్నా, ఆవిడ బతికే ఉందా?"

"ఏమో."

"ఏమో ఏంటి? నలభై మందికి చెప్పావు ఆవిడ గురించి. ఆవిడకి చెప్పావా?" ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో వెతకడం మొదలెట్టింది. "ఉంది. ఇక్కడికి ట్వంటీ మినిట్స్ డ్రైవ్. స్కూల్లో బ్యాండ్ టీచర్‌గా రిటైర్ అయింది. ఆవిడకి చదివి వినిపించాకే నిహారికకి ఇవ్వు."

"తెలుగులో ఉంది కదే."

"నేను ఇంగ్లీష్‌లో చెప్తా. అందుకే తెలుగులో రాశావని నాకు తెలుసులే."

కాటరాక్ట్ ఆపరేషన్ అయ్యాక నాకు డ్రైవింగ్ లేదు. మాధవే తీసుకెళ్లింది. డోరిస్ తలుపు తీసి నన్ను గుర్తుపట్టింది. లావెక్కింది, జుట్టు తెల్లబడింది, చూపు మాత్రం అదే. కాఫీ ఇచ్చింది. వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. మాధవి ఒక్కో పేరా చదువుతూ ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. వాల్టర్ దగ్గర డోరిస్ నవ్వింది. హార్న్ స్వరం చాలా అందంగా ఉందన్న చోట కిటికీ వైపు తిరిగింది.

అంతా అయ్యాక కప్పు పక్కకి జరిపింది.

"నువ్వు దిద్దావని నాకు ఆ రోజే తెలుసు రావ్. ఆదివారం నా కళ్లముందు లేని ముక్క సోమవారానికి ఎలా మొలిచింది? చెప్పినా ఎవరు నమ్ముతారు, కాగితం నీ వైపుంది. ఇంకోటి. నా జీవితం కూల్చానని రాశావు. నువ్వు అంత పెద్దవాడివి కాదు. ఉద్యోగం పోయింది, అంతే. హార్న్ పెట్టెలో పెట్టేశాను, అంతే."

"తప్పే డోరిస్" అన్నాను.

"ఆగు. అవన్నీ బాగానే రాశావు. ఒక్కటి తప్పు రాశావు."

"ఏది?"

"నేను ఫోన్ చేసి అడిగి ఉంటే చెప్పేవాడివని రాశావు."

మాధవి నా వైపు చూసింది. నేను కాఫీ కప్పు ఎత్తాను, అందులో ఏమీ లేదు.

"చేశాను రావ్. శనివారం సాయంత్రం, ఆరు దాటాక, హాస్పిటల్ లాబీలో పే ఫోన్ నుంచి మీ ఇంటికి. పొద్దున ఏమన్నా మారిందా అని అడిగాను. పార్టులో అన్నీ ఉన్నాయి, నువ్వు వచ్చి వాయించు చాలు అన్నావు. మళ్లీ అడిగాను, కాడెన్జా కూడానా అని. అన్నీ అన్నావు. వెనకాల ఏదో పెట్టె మోగుతూనే ఉంది, పాత చర్చి ఆర్గన్ లాగా. అదేంటో ఈ రోజు మీ అమ్మాయి చదివితే తెలిసింది. నేను మాట్లాడినంతసేపూ నువ్వు దాన్ని వాయిస్తూనే ఉన్నావు. ఆపను కూడా ఆపలేదు."